నల్లి అంటే నల్లేనా? ట్రూ బగ్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పురుగుల ఫోటోలు తీసే పిచ్చి నాకుందని తెలిసినప్పటి నుంచి చుట్టాలు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు వాట్సాప్‌లో ఒక మసక ఫోటో పెట్టి "ఇదేంటి, దీనికి మందేం కొట్టాలి" అని అడుగుతూనే ఉంటారు. ఆ ఫోటోల్లో సగానికి పైగా ఒకే వర్గం పురుగులు. శాస్త్రంలో ఆ వర్గం పేరు హెమిప్టెరా, ఇంగ్లీషు వాళ్లు ట్రూ బగ్స్ అంటారు. చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది కాబట్టి అంతా ఒకచోట రాసి పెడుతున్నా.

ట్రూ బగ్ ఏంటి? ప్రతి పురుగూ బగ్గే కదా?

మామూలు మాటల్లో అంతే, బొద్దింకనీ బగ్ అంటారు, సాఫ్ట్‌వేర్‌లో తప్పునీ బగ్ అంటారు. కీటకాలు చదివినవాళ్లు మాత్రం ఆ మాటను ఒక్క వర్గానికే వాడతారు. గుర్తు నోరే. దీనికి దవడలుండవు, కొరకడం, నమలడం రాదు. సూదిలాంటి పొడవాటి నోరుంటుంది, దాన్ని ఆకులోకో కాండంలోకో ఇంకో పురుగు ఒంట్లోకో మన చర్మంలోకో దించి పీలుస్తుంది. పైకి ఒక్క సూదిలా కనిపించేది నిజానికి ఒక ఒర, లోపల వెంట్రుకకంటే సన్నని నాలుగు శలాకలు ఉంటాయి. వాటి మధ్య రెండు గొట్టాలు ఏర్పడతాయి. ఒకదాంట్లోంచి లాలాజలం లోపలికి పోతుంది, రెండోదాంట్లోంచి రసం పైకి వస్తుంది. మొక్కకు వైరస్ అంటేది ఆ లాలాజలం వల్లే.

దోమకూ సూది నోరుంది కదా అంటారు. ఉంది, కానీ అది వేరే దారిలో వచ్చింది. దోమ చిన్నప్పుడు నీళ్లలో వేరే రూపంలో బతికి, ప్యూపా (రూపం మార్చుకునే మధ్య దశ) అయి, ఆ తర్వాత దోమవుతుంది. బగ్‌కి ప్యూపా దశ ఉండదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల దాదాపు తల్లి పోలికతోనే ఉంటుంది, రెక్కలు మాత్రం ఉండవు. సాధారణంగా ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొందరు ట్రూ బగ్స్ అని మొత్తం హెమిప్టెరాను అంటారు, కొందరు అందులో హెటిరోప్టెరా అనే ఒక్క ఉపవర్గాన్నే అంటారు. నేను ఇక్కడ మొత్తానికీ వాడుతున్నా, విడిగా చెప్పాల్సిన చోట విడిగా చెప్తా.

పేరులో నల్లి ఉంటే బగ్ అనుకోవచ్చా?

అనుకోవద్దు, గొడవంతా మొదలయ్యేది అక్కడే. మన భాషలో నల్లి అన్న మాటకు ఎన్ని అర్థాలున్నాయో చూడండి. మంచంలో నల్లి బగ్గే. పిండినల్లి కూడా బగ్గే. వంగ, మిరప ఆకుల కింద గూడు కట్టే ఎర్రనల్లి మాత్రం అసలు కీటకమే కాదు, ఎనిమిది కాళ్లతో సాలీడు వైపు బంధువు. అయితే పత్తి కాయల మీద గుంపులుగా కూర్చునే ఎర్రటి పురుగుని కూడా చాలామంది ఎర్రనల్లి అనే అంటారు, అది బగ్గు! వరిలో ఇంకా తమాషా: కంపునల్లి బగ్గు, కంకినల్లి కాదు. ఒక్క అక్షరం తేడా, ప్రాణులు మాత్రం ఆవుకీ చేపకీ ఉన్నంత దూరం.

దోమ పేరుతో కూడా ఇదే మోసం. సుడిదోమ, పచ్చదోమ, తెల్లదోమ – ఈ మూడింటికీ మనల్ని కుట్టే దోమతో ఏ చుట్టరికమూ లేదు, మూడూ హెమిప్టెరా. పేనుబంకలో పేను లేదు. తామరపురుగులు రసం పీల్చినా బగ్స్ కాదు, వాటిది పక్క వర్గం. తొలకరిలో ఎర్ర మఖమల్ ముక్కలా నేల మీద పాకే ఆరుద్ర పురుగు కూడా ఎనిమిది కాళ్లదే. సరే సూది ముక్కు ఉంది కాబట్టి వీటిని "ముక్కుపురుగులు" అందామా అంటే, ఆ పేరు బియ్యంలో పడే పురుగు ఎప్పుడో తీసేసుకుంది, అది బగ్ కూడా కాదు.

అందుకే పేరు వదిలేసి నోరు చూడండి అంటాను.

సరే, చేతికి దొరికితే ఎలా గుర్తుపట్టాలి?

మా మిద్దె మీద చిక్కుడు పాదుకు ఒక గోధుమరంగు పురుగు తరచూ వస్తుంటుంది, బొటనవేలి గోరంత ఉంటుంది, డాలు ఆకారం. దాన్ని గాజు గ్లాసులో వేసి కింద నుంచి చూశాను. తల కింద నుంచి మొదలై ముందుకాళ్లు, నడిమి కాళ్లు దాటి వెనక్కి మడిచి పెట్టుకున్న సూది కనిపించింది, చొక్కా జేబులో పెన్ను పెట్టుకున్నట్టు. పైనుంచి చూస్తే వీపు మధ్య ఒక త్రికోణం. ముందు రెక్కలు పైసగం తోలులా మందంగా, చివరిసగం ఉల్లిపొరలా పలచగా ఉండి వీపు మీద ఒకదానిపై ఒకటి ఎక్కి ఇంటూ గుర్తులా పడతాయి. హెమిప్టెరా అన్న పేరు అక్కడిదే, గ్రీకులో సగం రెక్క అని. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1758లో ఈ పేరు ఖాయం చేశాడు.

గ్లాసు కదిపేసరికి అది కంపు వదిలింది. పెద్ద పురుగులకు ఆ గ్రంథులు ఛాతీ కింద, కాళ్ల మొదట్లో ఉంటాయి, పిల్లలకు వీపు మీద. ఆ వాసనలో ఉండే ఆల్డిహైడ్లలో కొన్ని కొత్తిమీరలోనూ ఉన్నాయి, అందుకే కొందరికి కొత్తిమీర నల్లి వాసన వేస్తుంది. మా ఆవిడ ఈ మాట విన్న తర్వాత నెల రోజులు పచ్చడి చేయలేదు.

ఇంటూ గుర్తు అన్నిటికీ ఉండదు. తెల్లదోమకు, పచ్చదోమకు రెక్కలు ఇంటికప్పులా వాలి ఉంటాయి. పిండినల్లి ఆడదానికి రెక్కలే లేవు. కొన్ని మెరిసే బగ్స్‌లో వీపు మీది త్రికోణం పెరిగి పెరిగి ఒళ్లంతా కప్పేస్తుంది, చూసినవాళ్లు పెంకుపురుగు అనుకుంటారు. అప్పుడు కూడా తిప్పి నోరు చూడాల్సిందే.

వీటిని ఎలా విడగొట్టారు? మొత్తం ఎన్ని రకాలు?

ఇప్పటివరకు పేరు పెట్టినవి 80 వేలకు పైనే. ప్యూపా దశ లేని కీటకాల్లో ఇంతకంటే పెద్ద వర్గం లేదు. నాలుగు ఉపవర్గాలు చేశారు.

స్టెర్నోరింకాలో నోరు ముందుకాళ్ల మధ్యనుంచి పుట్టినట్టు ఉంటుంది. పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి, పొలుసు పురుగులు, కరివేపాకు మీద వచ్చే సిల్లిడ్ ఇందులోవే. ఎక్కువ భాగం ఒకచోట కుదురుగా కూర్చుని పీలుస్తూ ఉండే రకం.

ఆకెనోరింకా గెంతే రకం. పచ్చదోమ, సుడిదోమ, మామిడి పూత మీది తేనెమంచు పురుగు, చెట్ల మీద చెవులు చిల్లులు పడేలా అరిచే సికాడా. ఈ సికాడాని మనవాళ్లు కీచురాయి అనేస్తారు, రాత్రి ఇంటి మూల అరిచేదాన్నీ కీచురాయే అంటారు. ఇంట్లోది రెక్కలు రుద్ది అరుస్తుంది, బగ్ కాదు. చెట్టు మీది సికాడా కడుపు పక్కన ఉన్న డప్పులాంటి పొరను లోపలికీ బయటికీ టకటకలాడిస్తుంది.

కోలియోరింకా చాలా చిన్నది, ముప్పై చిల్లర జాతులు. దాని గురించి కింద చెప్తా, భూగోళం దగ్గర దాని కథ బావుంటుంది.

నాలుగోది హెటిరోప్టెరా, 40 వేలకు పైగా జాతులు. దీన్ని మళ్లీ ఏడు ముక్కలు చేశారు. వాటిలో రెండు మట్టిలో, రాలిన ఆకుల కింద బతికే చిన్న చిన్న పురుగులవి, మీకు నాకు కనపడవు, వదిలేద్దాం. గెర్రోమార్ఫా అంటే చెరువు నీటి మీద స్కేటింగ్ చేసినట్టు పరిగెత్తేవి. నెపోమార్ఫా నీటి లోపలివి: నీటి తేలు, వెల్లకిలా ఈదేవి, అరచేతిలో సగం ఉండే పెద్ద నీటి బగ్. లెప్టోపోడోమార్ఫా ఒడ్డున ఉండేవి. సిమికోమార్ఫాలో మంచం నల్లి, ఇతర పురుగులను పొడిచి చంపే అసాసిన్ బగ్స్, 11 వేల జాతుల మిరిడ్ కుటుంబం. పెంటటోమోమార్ఫాలో కంపు కొట్టేవి, కంపునల్లి, పత్తి మీది ఎర్రవి.

మా పుస్తకంలో హోమోప్టెరా, హెటిరోప్టెరా అని రెండే ఉన్నాయి. ఏది కరెక్ట్?

మీ పుస్తకం పాతది. ముందు రెక్క అంతా ఒకేలా ఉంటే హోమోప్టెరా, సగంసగం ఉంటే హెటిరోప్టెరా అని చాలాకాలం నడిచింది. 1990ల్లో డీఎన్‌ఏ పోల్చి చూస్తే, గెంతే పచ్చదోమ జాతివాళ్లు పేనుబంక కంటే హెటిరోప్టెరాకే దగ్గర అని తేలింది. అంటే హోమోప్టెరా ఒక కుటుంబం కాదు, మిగిలినవన్నీ పోసిన బుట్ట. ఇప్పుడా పేరు పక్కన పెట్టేశారు. పోటీ పరీక్షల్లో మాత్రం ఇంకా అడుగుతారు, సిలబస్ ఏం చెప్తే అది రాసి రండి, నాతో గొడవొద్దు.

రసం పీల్చే పురుగులన్నిటికీ ఒకే మందు కొడితే పోదా?

పోదు. వర్గీకరణ తెలిస్తే డబ్బు మిగిలేది ఇక్కడే. "రసం పీల్చే పురుగులు" అని మనం కట్టిన మూటలో బగ్స్ ఉన్నాయి, తామరపురుగులు ఉన్నాయి, ఎనిమిది కాళ్ల నల్లులు ఉన్నాయి. ఇమిడాక్లోప్రిడ్ అనే మందు పేనుబంక మీద, పచ్చదోమ మీద పనిచేసేలా ఎర్రనల్లి మీద పనిచేయదు, పైగా ఎర్రనల్లి పెరిగిన సందర్భాలూ ఉన్నాయి. మిరపలో రైతులు దీన్ని బాగానే పట్టారు: ఆకు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఆ రెండూ బగ్స్ కావని మాత్రం చాలామందికి తెలియదు.

2002లో వచ్చిన బీటీ పత్తిదీ ఇదే కథ. అందులో ఉన్న విషం కాయను తొలిచే గొంగళి పురుగులకే. ఆకు కొరికితే విషం కడుపులోకి పోతుంది, సూది దించి రసం తాగే పచ్చదోమకు, తెల్లదోమకు దాంతో పనే లేదు. "బీటీ వేశాం కదా, ఇంకా పురుగేంటి" అని కోపం తెచ్చుకునేది ఆ తేడా ఎవరూ చెప్పకే.

ఇవి ప్రపంచంలో ఎక్కడెక్కడ ఉన్నాయి?

అంటార్కిటికా మంచు తప్ప దాదాపు అన్నిచోట్లా. వేడి ప్రాంతాలకు వచ్చేకొద్దీ రకాలు పెరుగుతాయి, ఏ ప్రాణి లెక్కయినా సాధారణంగా అంతే. తిరగబడ్డ లెక్క పేనుబంకది. దాని 5 వేల జాతుల్లో ఎక్కువ భాగం ఉత్తరాన చల్లని దేశాల్లోనే ఉన్నాయి, మనలాంటి చోట్ల తక్కువ. మన దగ్గర అలసంద మీద, వేరుశనగ మీద, ఆవాల మీద కనిపించేవి గుప్పెడు జాతులే. కాకపోతే ఆ గుప్పెడూ ఊరంతా ఉంటాయి. చలి దేశాల్లో శీతాకాలం ముందు మగవి పుట్టి, జతకూడిన ఆడవి గుడ్లు పెట్టి ఆగుతాయి. మన వేడిలో ఆ అవసరం లేదు, ఏడాది పొడుగునా ఆడవి ఆడపిల్లల్ని కంటూ పోతాయి, మగవాడి ఊసే ఉండదు. తల్లి కడుపులో ఉన్న కూతురి కడుపులో అప్పటికే మనవరాలు తయారవుతూ ఉంటుంది.

సముద్రం గురించి ఎవరూ అడగరు, నాకేమో చెప్పాలని ఉంటుంది. కీటకాలు లక్షల్లో ఉన్నా నడి సముద్రం మీద బతికేవి హాలోబేటిస్ అనే నీటి మీద నడిచే బగ్స్ మాత్రమే. అందులోనూ ఐదు జాతులే తీరం వదిలి పూర్తిగా సముద్రానికి పోయాయి. రెక్కల్లేవు, ఒడ్డుకు రావు, తేలే ఈక మీదో చెక్క ముక్క మీదో గుడ్లు పెడతాయి.

ఒక్క చోట తప్ప ఇంకెక్కడా దొరకనివి ఉన్నాయా?

పైన ఆపిన కోలియోరింకా ఇప్పుడు చెప్తా. రెండు మూడు మిల్లీమీటర్ల పురుగులు, తడి నాచులో ఉంటాయి, చాలావాటికి ఎగరడం చేతకాదు. ఇవి చిలీ, అర్జెంటీనా దక్షిణపు కొసన ఉన్నాయి, న్యూజిలాండ్‌లో ఉన్నాయి, తూర్పు ఆస్ట్రేలియాలో, న్యూ కాలెడోనియాలో ఉన్నాయి. మధ్యలో వేల కిలోమీటర్ల సముద్రం. ఎగరలేనిది ఎలా దాటింది? దాటలేదు. ఒకప్పుడు ఆ నేలలన్నీ గోండ్వానా అనే ఒకే ఖండం, ఖండం ముక్కలై దూరం జరిగితే పురుగు ఎక్కడున్నది అక్కడే నాచులో ఉండిపోయింది. గోండ్వానా పేరు మన గోండుల నేల నుంచే పోయింది కానీ ఈ పురుగు మాత్రం మన దగ్గర లేదు.

ఇంకొకటి అమెరికా తూర్పు భాగంలో మాత్రమే ఉండే మేజిసికాడా. 13 ఏళ్లో 17 ఏళ్లో భూమిలో వేర్ల రసం తాగి, లెక్క తప్పకుండా ఒకేసారి లక్షల్లో పైకొస్తాయి. 2024లో ఒక 13 ఏళ్ల గుంపు, ఒక 17 ఏళ్ల గుంపు కలిసి వచ్చాయి, ఆ రెండూ అంతకుముందు కలిసి వచ్చింది 1803లో. ఇండియాలో కూడా ఇలాంటిది ఒకటుంది: మేఘాలయలోని రీ భోయి జిల్లాలో నాలుగేళ్లకోసారి వచ్చే సికాడా. సరిగ్గా ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఏడాదే వస్తుంది కాబట్టి వరల్డ్ కప్ సికాడా అంటారు. ఆ ఊళ్లవాళ్లు రాత్రి దీపాలతో వెళ్లి పట్టుకుని వండుకుంటారు.

సుడిదోమ ఒక్కసారిగా ఎక్కడి నుంచి ఊడిపడుతుంది?

నిన్న లేదు, ఇవాళ వరి మడి మధ్యలో గుండ్రంగా ఎండిపోయింది అంటారు. నిన్నా ఉంది, మనం పైనుంచి చూశాం, అది దుబ్బు అడుగున నీటి గీతకు జానెడు పైన ఉంటుంది. వంగి రెండు దుబ్బులు పక్కకు వంచి అరచేత్తో తట్టండి, నీళ్లలో గోధుమ రంగు పిల్లలు పడి గిలగిలా పక్కకు నడుస్తాయి.

ఈ పురుగుకు రెండు రకాల రెక్కలు. తిండి బాగున్నంతకాలం పొట్టి రెక్కలవి పుట్టి అక్కడే సంసారం పెంచుతాయి. జనం ఎక్కువై మొక్క ఎండుతుందనగానే పొడవు రెక్కలవి పుట్టి గాలి ఎక్కుతాయి. జపాన్, కొరియాల్లో చలికి ఇవి చచ్చిపోతాయి, అయినా ఏటా కొత్తగా వస్తాయి, దక్షిణ చైనా, వియత్నాం వైపు నుంచి వేసవి గాలుల మీద సముద్రం దాటి. ఉప్పుగింజంత పురుగు!

మన దగ్గర చేజేతులా పెంచుకునే దారి ఇంకొకటుంది. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు ముందే కొడితే సాలీళ్లు, సుడిదోమ గుడ్లను తినే మిరిడ్ నల్లులు చస్తాయి, సుడిదోమకు అడ్డు ఉండదు. మిరిడ్ నల్లి కూడా బగ్గే, అంటే బగ్‌కి శత్రువు బగ్. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట తీయమని వ్యవసాయాధికారులు మొత్తుకునేది గాలీ వెలుతురూ దుబ్బు అడుక్కి చేరడానికే.

గోదావరి జిల్లాల కొబ్బరి మీద తెల్లదోమ మన పురుగేనా?

కాదు, మధ్య అమెరికాది. బెలీజ్ నుంచి సేకరించిన నమూనాలు చూసి 2004లో పేరు పెట్టారు, 2009లో ఫ్లోరిడాలో కనిపించింది, 2016లో తమిళనాడు పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో దొరికింది, అక్కడి నుంచి కోనసీమకు, ఆయిల్‌పామ్‌కు పాకింది. ఆకు కింద సుడులు సుడులుగా తెల్లటి మైనం గీతలు పెట్టి గుడ్లు పెడుతుంది. చెట్టుకంటే ముందు మనిషికి కనిపించేది నల్లటి మసి. పురుగు విసర్జించే తీపి నీరు కింది ఆకుల మీద పడితే దాని మీద బూజు పెరుగుతుంది. మామిడిలో తేనెమంచు అనేదీ ఇదే తీపి నీరే.

దీనికి మందులు ఎడాపెడా కొట్టొద్దనేది ఊరికే కాదు. ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ దీని పిల్లల్లో గుడ్లు పెట్టి చంపుతుంది, మందు కొడితే ముందు చచ్చేది అదే. బొప్పాయి పిండినల్లి విషయంలో ఇది రుజువైంది కూడా. మెక్సికో నుంచి వచ్చి 2008లో కోయంబత్తూరులో బయటపడింది, తోటలు తుడిచిపెట్టింది, 2010లో ప్యూర్టోరికో నుంచి దాని పరాన్నజీవుల్ని తెప్పించి వదిలాక అణిగింది. మొత్తం పిండినల్లిని మనం కాదు, గసగసంత కందిరీగ చంపింది.

అమెరికాలో కరివేపాకు మొక్క పంపించుకోనివ్వరెందుకు?

ఈ ప్రశ్న టెక్సాస్ నుంచి, కాలిఫోర్నియా నుంచి, ఫ్లోరిడా నుంచి వస్తూనే ఉంటుంది. కారణం ఒక బగ్: ఆసియా సిట్రస్ సిల్లిడ్. మా కరివేపాకు చెట్టు లేత చిగురు మీద ఎప్పుడూ ఉంటుంది, మూడు నాలుగు మిల్లీమీటర్లు, మచ్చల రెక్కలు. గుర్తు పట్టడం తేలిక, తల ఆకుకు ఆనించి వెనకభాగం ఏటవాలుగా పైకెత్తి కూర్చుంటుంది, ముల్లు గుచ్చినట్టు. పిల్లలు పసుపురంగువి, వెనకనుంచి తెల్లటి మైనపు చుట్టలు వదులుతాయి, సేమ్యా తుంపుల్లా.

కరివేపాకుకు అది చేసే నష్టం పెద్దగా ఏమీ ఉండదు. కానీ కరివేపాకు నిమ్మ, బత్తాయి కుటుంబానిదే, ఈ సిల్లిడ్ కరివేపాకు మీద పెరిగి నారింజ తోటలోకి పోతే సిట్రస్ గ్రీనింగ్ అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియాను అంటిస్తుంది. ఫ్లోరిడాలో పురుగు 1998లో, జబ్బు 2005లో కనిపించాయి, అక్కడి నారింజ పంట ఆ తర్వాత కోలుకోలేదు. అందుకే క్వారంటైన్ ప్రాంతం నుంచి మొక్క బయటికి పంపనివ్వరు, ఇండియా నుంచి బ్యాగులో పచ్చి కరివేపాకు తెస్తే ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. "ఆకులే కదా అక్కా" అంటే కుదరదు, ఆ లేత చిగురు మడతల్లోనే గుడ్లుంటాయి.

కరివేపాకు శాస్త్రీయ నామంలో కోనిగియై అని ఉంటుంది, పత్తి మీది ఎర్ర బగ్ పేరులోనూ కోనిగియై ఉంటుంది. రెండూ ఒకే మనిషి పేరు. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్, లిన్నేయస్ శిష్యుడు, 1768లో తమిళనాడులోని తరంగంబాడికి డాక్టరుగా వచ్చి కోరమాండల్ తీరంలో మొక్కలు, పురుగులు ఏరి యూరప్‌కు పంపాడు. వాటిలో పురుగులకు ఫాబ్రీషియస్ అనే కీటక శాస్త్రవేత్త పేర్లు పెట్టాడు. కోనిగ్ 1785లో చనిపోయింది కాకినాడ జగన్నాథపురంలో. కాకినాడ వాళ్లకే ఈ సంగతి చాలామందికి తెలియదు.

న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట్లోకి చలికాలం ముందు గోధుమరంగు పురుగులు దూరుతున్నాయి. ప్రమాదమా?

కుట్టవు, కరవవు, నలిపితే కంపు. అవి బ్రౌన్ మార్మొరేటెడ్ స్టింక్ బగ్స్, చైనా, జపాన్, కొరియా వైపువి, 1990ల చివర్లో పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో బయటపడ్డాయి. చలి తప్పించుకోవడానికి ఇళ్లలోకి వస్తాయి. కిటికీ సందులు మూసేసి, దూరినవాటిని సబ్బునీళ్ల డబ్బాలో పడేయమనండి. ఆపిల్, పీచ్ తోటలవాళ్లకు మాత్రం నిజమైన టెన్షన్.

కనపడగానే తొక్కేయండి అని అక్కడ ప్రచారం చేసింది ఇంకో పురుగు గురించి, స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై. పేరులో ఫ్లై ఉంది కానీ ఈగ కాదు, మన సుడిదోమకు అన్నలాంటిది. 2014లో పెన్సిల్వేనియాలోనే దొరికింది. పేర్ల మోసం ఇంగ్లీషులోనూ తక్కువేం లేదు.

మన మంచం నల్లి, అక్కడి బెడ్ బగ్ ఒకటేనా?

అన్నదమ్ములు. చల్లని దేశాల్లోది సైమెక్స్ లెక్టులారియస్, వేడి దేశాల్లోది సైమెక్స్ హెమిప్టెరస్, మన దగ్గర ఎక్కువగా రెండోదే. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు ఒక హాస్టల్లో నా మంచం నాలుగో కాలి బోల్టు విప్పితే ఆ రంధ్రంలో తెల్లటి గుడ్లు, ఖాళీ కుబుసాలు, నల్ల చుక్కలు, ఓ పాతిక నల్లులు. వార్డెన్ "పరుపు మార్చుకో" అన్నాడు. నల్లి పరుపులో కంటే చెక్క సందుల్లో, బోల్టుల్లో, గోడ పగుళ్లలో ఎక్కువ. వేడికి చస్తుంది, 50 డిగ్రీలు దాటిన వేడి లోపలిదాకా తగలాలి, అందుకే పాతకాలంలో మంచాలు ఎండలో పడేసి మరిగే నీళ్లు పోసేవారు. స్ప్రే ఒక్కటే కొడితే చాలావరకు తట్టుకుంటున్నాయి.

రక్తం తాగినా మనిషికి జబ్బు అంటిస్తుందని రుజువు కాలేదు. దురద, నిద్ర పాడవడం, పరువు పోవడం, అంతే.

కిస్సింగ్ బగ్ అని వీడియో చూశాను. ఇండియాలో ఉందా?

అది చాగస్ జబ్బు అంటించే బగ్. 1909లో బ్రెజిల్‌లో కార్లోస్ చాగస్ కనిపెట్టాడు. ఈ ఉపకుటుంబంలో 150కి పైగా జాతులు, దాదాపు అన్నీ అమెరికా ఖండాల్లోనే. మన దగ్గర రెండు మినహాయింపులు: ఓడల్లో ఎలుకలతో పాటు రేవులకు తిరిగిన ట్రయటోమా రుబ్రోఫాసియాటా, ఇండియాలో తప్ప ఎక్కడా లేని లిన్ష్‌కోస్టియస్ అనే ఆరు జాతుల గుంపు. జబ్బు కలిగించే ఆ పరాన్నజీవి ఇక్కడి పురుగుల్లో తిరగడం లేదు కాబట్టి ఫార్వర్డ్ వీడియో చూసి కంగారు పడకండి. ఆ వీడియోలో చూపించింది చాలాసార్లు మామూలు అసాసిన్ బగ్గే, అది పొడిస్తే మాత్రం కందిరీగ కుట్టినంత మంట.

వీటివల్ల లాభం ఏమీ లేదా?

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజులు కొన్నారా? ఆ లక్క ఒక పొలుసు బగ్ తన ఒంటి చుట్టూ కట్టుకున్న ఇల్లు. మోదుగ, రేగు కొమ్మల మీద పెంచుతారు, దేశంలో ఎక్కువ జార్ఖండ్‌దే, రాంచీలో 1924లో దీనికోసమే ఒక పరిశోధన సంస్థ పెట్టారు. మాత్రల మీది మెరుపు పూత కూడా ఇదే. మెక్సికో, పెరూల్లో నాగజెముడు మీద పెంచే కోచినీల్ బగ్ నుంచి ఎర్ర రంగు తీస్తారు, తినుబండారాల ప్యాకెట్ మీద రంగు నంబరు 120 ఉంటే అదే, శాకాహారులు చూసుకోండి.

కోచినీల్ కోసం ఈస్టిండియా కంపెనీ 1795లో బ్రెజిల్ నుంచి పురుగు తెప్పించింది, తీరా వచ్చింది వేరే జాతి. మంచి రంగు రాలేదు గానీ ఒక రకం నాగజెముడును దక్షిణాదిలో తినేసి ఖాళీ చేసింది. దాన్ని గుర్తుపెట్టుకుని 1926లో ఇంకో రకం నాగజెముడు పొలాలను ఆక్రమిస్తుంటే సిలోన్ నుంచి ఇంకో కోచినీల్‌ను కావాలనే తెచ్చి వదిలారు, ఆ కంపలూ పోయాయి. మణిపూర్‌లో, థాయ్‌లాండ్‌లో పెద్ద నీటి బగ్‌ను పచ్చడి చేసుకుంటారు. నేను తినలేదు, తిన్నవాళ్లు వాసన బాగుంటుందన్నారు.

ఫోటో పంపాలంటే ఎలా తీయాలి?

పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, గాజు గ్లాసులోనో పారదర్శక డబ్బాలోనో వేసి కింద నుంచి ఒకటి. మూడోదే ముఖ్యం, నోరు అక్కడ కనిపిస్తుంది. పక్కన రూపాయి బిళ్ల పెట్టండి, సైజు తెలుస్తుంది. ఏ మొక్క మీద, ఏ ఊళ్లో, ఏ నెలలో దొరికిందో రాయండి. కాళ్లు ఆరా, ఎనిమిదా లెక్కపెట్టి పంపితే సగం పని మీరే చేసినట్టు. మందు కొట్టాక తీసిన ఫోటో మాత్రం పంపకండి, ముడుచుకుపోయిన పురుగులో నాకు సూది కనపడదు.